డ్రాకులాకి డైరీ ఎందుకు లేదు?

ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో అనుకుంటా, హాస్టల్లో మా పక్క రూమువాడు నా లాప్‌టాప్‌లో ఒక పీడీఎఫ్ వేసిపెట్టి "అరేయ్, గీ కథ సదువు. సదివినంక ఎట్లనిపిచ్చిందో చెప్పు" అన్నాడు. షెరిడాన్ లె ఫాను అనే ఐరిష్ రచయిత రాసిన 'కార్మిల్లా'. రక్తపిశాచి కథ అనేసరికి హుషారొచ్చి, సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన రాత్రి కూర్చుని చదివేశాను. మర్నాడు మెస్సులో వాడితో "ఏమున్నదిరా ఇందులో, ఒక్కకాడ గూడ భయమైతలేదు" అన్నాను. వాడు చిన్నగా నవ్వి, ఇడ్లీ తిని వెళ్ళిపోయాడు.

వాడు నన్ను అడిగింది భయం గురించి కాదని తెలియడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది. (వాడిని అడిగే ఇదంతా రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నాడు.)

ఈ మధ్య మా ఊరు ధర్మపురి వెళ్ళినప్పుడు ఆ కథ మళ్ళీ చదివాను. దాని చుట్టాలు లాంటి ఇంకో మూడు కూడా చదివాను. అప్పుడు నాకొక అభిప్రాయం ఏర్పడింది. పేరు పెట్టి చెప్పుకోలేని ఇష్టం ఒకటి ఇంటి గడప తొక్కితే, ఇంట్లో పెద్దలు దానికి 'పిశాచి' అని పేరు పెట్టేశారు. ఈ కథల్లో అసలు భయం అక్కడుంది. ఆ పేరు పెట్టే పని కథల్లోనే ఆగిపోలేదు, మన దాకా వచ్చింది. నేను చెప్పదలుచుకున్నది ఇదే, ఇక వివరాల్లోకి పోదాం.

ముందు కార్మిల్లా కథ, చదవనివాళ్ళ కోసం. ఆస్ట్రియాలోని స్టిరియా ప్రాంతం. చుట్టూ అడవి, మధ్యలో పాత కోట, పక్కనే మనుషులు వదిలేసి పోయిన ఊరు. కోటలో లారా అనే పంతొమ్మిదేళ్ళ అమ్మాయి, వాళ్ళ నాన్న, ఆమెని చూసుకునే ఇద్దరు పంతులమ్మలు. మాట్లాడ్డానికి ఈడు మనిషి లేదు. ఒక వెన్నెల సాయంత్రం కోట ముందు గుర్రబ్బండి తిరగబడుతుంది. అందులోంచి ఒక అందమైన అమ్మాయి దిగుతుంది, కొన్నాళ్ళు అతిథిగా ఉండిపోతుంది. ఆమే కార్మిల్లా. లారా చేతులు పట్టుకుంటుంది, జడ వేయించుకుంటుంది, బుగ్గ మీద ముద్దు పెడుతుంది, నువ్వు నాదానివి అన్నట్టు మాట్లాడుతుంది. లారాకి అది ఇష్టంగానూ ఉంటుంది, అదే నిమిషంలో వెగటుగానూ ఉంటుంది. రెండూ ఆమే రాస్తుంది, దేన్నీ దాచదు.

ఒకచోట మాత్రం నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంత ప్రేమ చూపిస్తోంది కదా, ఈమె ఆడపిల్ల వేషంలో వచ్చిన అబ్బాయేమో అని లారా అనుమానపడుతుంది! పాపం ఆ పిల్లకి తెలిసిన మాటలతో అంతకంటే ఇంకేం అనుకోగలదు? ఆడపిల్ల ఆడపిల్లని ప్రేమించడానికి ఆమె దగ్గర పదమే లేదు. పదం లేనిచోట మొదట అబ్బాయి వేషం అనే ఊహ వచ్చింది. తర్వాత నాన్న, జనరల్‌గారు, డాక్టరు కలిసి 'పిశాచి' అనే పదం తెచ్చి ఇచ్చారు.

ఇక్కడ మనవాళ్ళకి నచ్చే సంగతి ఒకటుంది. కార్మిల్లా అసలు పేరు మిర్కాల్లా. ఇంకో ఇంట్లో మిల్లార్కా అని చెప్పుకుని ఉంటుంది. ఇంగ్లీషులో రాసుకుని చూడండి, అవే అక్షరాలు అటూ ఇటూ మారుతుంటాయి. ఆమె ఏ పేరైనా పెట్టుకోవచ్చు, కానీ అక్షరాలు అవే ఉండాలి. ఎన్ని ఐడీలు మార్చినా లోపల ఉన్నది పోదు! అసలు సంగతి దాచుకుని బతికేవాళ్ళ గురించి నేను చదివినవాటిలో ఇంతకంటే సూటి పోలిక లేదు. రచయిత ఉద్దేశం అదో కాదో ఆయనకే తెలియాలి.

చివర్లో కార్మిల్లాని సమాధిలోంచి తీసి, గుండెలో కొయ్య మేకు దించి, తల నరికి, కాల్చి, బూడిద నదిలో కలుపుతారు. ఆ చంపడం లారా చూడలేదు. ప్రభుత్వ కమిషన్ రిపోర్టు కాపీ వాళ్ళ నాన్న దగ్గర ఉంటే, అందులోది చూసి మనకి చెప్తుంది. సాక్షుల సంతకాలతో సహా పక్కా రిపోర్టు. పదేళ్ళు దాటాక ఇదంతా రాస్తూ, ఇప్పటికీ ఒక్కోసారి కార్మిల్లా అడుగుల చప్పుడు గది తలుపు దగ్గర వినిపించినట్టు ఉంటుంది అంటుంది లారా. కథ అక్కడ అయిపోతుంది. రిపోర్టు ప్రకారం కేసు క్లోజ్ అయింది, లారాకి మాత్రం కాలేదు.

ఇంకో సంగతి. ఈ కథ 1872లో పుస్తకంలో చేరినప్పుడు లె ఫాను ముందు ఒక చిన్న పీఠిక పెట్టాడు. ఈ కాగితాలు ఒక డాక్టరుగారి కేసుల ఫైల్లోంచి తీసినవట, రాసిన ఆవిడ ఈలోగా చనిపోయిందట. అంటే ఒక అమ్మాయి తన జీవితంలో మర్చిపోలేని మనిషి గురించి రాసుకున్నది, చివరికి లోకానికి 'మెడికల్ కేసు'గా అందింది.

ఇది కార్మిల్లాతో మొదలైంది కూడా కాదు. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలితే, ఆ ప్రభావంతో 1816లో యూరప్‌కి ఎండాకాలమే రాలేదు. జెనీవా సరస్సు పక్కన ఒక ఇంట్లో వానకి చిక్కుకుపోయి బైరన్, షెల్లీ, మేరీ, బైరన్ డాక్టరు పోలిడోరి దయ్యాల కథలు చెప్పుకున్నారు. 'ఫ్రాంకెన్‌స్టైన్' అక్కడే పుట్టిందని మనందరికీ తెలుసు. ఆ రాత్రుల్లోనే ఒకసారి బైరన్ కోల్‌రిడ్జ్ పద్యం 'క్రిస్టబెల్' చదివి వినిపించాడు. అందులో అర్ధరాత్రి అడవిలో దొరికిన జెరాల్డిన్ అనే అపరిచిత స్త్రీని క్రిస్టబెల్ ఇంటికి తెస్తుంది. గడప దగ్గరికి రాగానే జెరాల్డిన్ కూలబడిపోతుంది, క్రిస్టబెల్ ఆమెని ఎత్తుకుని గడప దాటిస్తుంది. ఆ పద్యం వింటూ షెల్లీ కేక పెట్టి గదిలోంచి బయటికి పరిగెత్తాడట.

పోలిడోరి రాసిన 'ది వాంపైర్' 1819లో అచ్చయింది, అదీ పొరపాటున బైరన్ పేరుతో. అందులో ఆబ్రే అనే కుర్రాడు లార్డ్ రూత్వెన్ అనే పెద్దమనిషి వెంట మోహంలో పడ్డట్టు దేశాలు తిరుగుతాడు. చనిపోతూ రూత్వెన్ ఒట్టు వేయించుకుంటాడు, ఏడాది మీద ఒక్కరోజు దాకా నా సంగతి ఎవరికీ చెప్పకూడదని. ఆ ఒట్టే ఆబ్రేని తినేస్తుంది. చచ్చినవాడు బతికొచ్చి తన చెల్లెలినే పెళ్ళాడుతుంటే కూడా నోరు విప్పలేకపోతాడు. రక్తం తాగడం తక్కువ, నోరు కట్టేయడం ఎక్కువ ఈ కథలో. ఇద్దరు మగవాళ్ళ మధ్య బయటికి చెప్పకూడని రహస్యం అంటే ఆ రోజుల్లో పాఠకులకి ఏం గుర్తొచ్చేదో ఊహించుకోవచ్చు. 1819లో ఇంగ్లండ్‌లో మగవాళ్ళ మధ్య సంబంధానికి శిక్ష ఉరి.

ఇక 1897 నాటి 'డ్రాకులా'. దీన్ని మన ఐటీ వాళ్ళు తప్పక చదవాలి అంటాను, ఎందుకంటే నవల మొత్తం లాగ్ ఫైళ్ళే. జోనాథన్ షార్ట్‌హాండ్ డైరీ, మీనా డైరీ, డాక్టర్ సీవర్డ్ ఫోనోగ్రాఫ్ రికార్డింగులు, టెలిగ్రాములు, పేపర్ కటింగులు, ఓడ కెప్టెన్ రాసిన లాగ్‌బుక్. మీనా వీటన్నిటినీ తేదీల వారీగా టైపు చేసి కాపీలు తీస్తుంది. మధ్యలో డ్రాకులా వచ్చి ఒరిజినల్స్ తగలబెడితే, బీరువాలో ఇంకో కాపీ ఉంది కాబట్టి సరిపోయింది. బ్యాకప్ విలువ తెలిసిన మొదటి హీరోయిన్ మీనాయే అయ్యుంటుంది :)

మరి డ్రాకులా డైరీ ఏది? లేదు. అతను రాసింది మొదట్లో ఒక చిన్న స్వాగతపు ఉత్తరం తప్ప పెద్దగా ఏమీ కనిపించదు, బండి ఏర్పాటు చేశాను రా అని. ఆ తర్వాత నాలుగు వందల పేజీల్లో అతని గురించి దాదాపు ప్రతి మాటా అతన్ని చంపడానికి తిరిగేవాళ్ళు రాసిందే. కోటలో ముగ్గురు ఆడపిశాచులు జోనాథన్ మీదికి వంగితే, డ్రాకులా కోపంగా వచ్చి వాళ్ళని లాగేసి, ఇతను నా సొత్తు అన్నంత పని చేస్తాడు. అదేమి హక్కు, అదేమి ఇష్టం అని అడిగేవాళ్ళు లేరు. ఆ మాట మళ్ళీ ఎత్తకుండానే నవల ఇంగ్లండ్ వెళ్ళిపోతుంది. అక్కడినుంచి మనకి చూపించే కాట్లు లూసీకి, మీనాకి పడ్డవే.

రాసిన బ్రామ్ స్టోకర్ సంగతి కూడా చూడండి. కుర్రతనంలో, 1872లో, అమెరికన్ కవి వాల్ట్ విట్మన్‌కి మనసు విప్పి ఒక పొడుగాటి ఉత్తరం రాశాడు. దాన్ని పంపడానికి ధైర్యం చాలక నాలుగేళ్ళు దాచుకుని 1876లో పంపాడు. తర్వాత ఆయన పెళ్ళి చేసుకున్న ఫ్లోరెన్స్‌ని అంతకుముందు ప్రేమించినవాడు ఆస్కార్ వైల్డ్. ఆ వైల్డ్‌కి 1895లో మగవాళ్ళతో సంబంధాల కేసులో రెండేళ్ళ కఠిన కారాగారం పడింది. రెండేళ్ళకి డ్రాకులా వచ్చింది. స్టోకర్ మనసులో ఏముందో నేను తీర్పు చెప్పను. కానీ ఆ రెండేళ్ళ లండన్‌లో ఏ రచయితైనా ఒక మగవాడి చేత ఇంకో మగవాడిని 'నావాడు' అనిపించాలంటే, అనేవాడికి కోరలు పెట్టక తప్పేది కాదు.

ఇదంతా నాకు ఆఫీసులో జరిగే ఆర్‌సీఏ మీటింగులా అనిపిస్తుంది. ప్రొడక్షన్ పడిపోయింది, అందరూ తమ తమ లాగ్స్ పట్టుకొచ్చారు. మీటింగుకి రాని టీమ్ ఒకటుంది, వాళ్ళ లాగ్స్ ఎవరూ అడగలేదు. తప్పు ఎవరిదని తేలుతుందో మీకు చెప్పక్కర్లేదు కదా!

"సరే, ఇంగ్లీషువాళ్ళ కథలు, మనకెందుకు?" అనొచ్చు. ఎందుకంటే కార్మిల్లా లండన్ పత్రికలో సీరియల్‌గా మొదలైన 1871లోనే బ్రిటిష్ ఇండియాలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. అందులో రెండో భాగం మొత్తం హిజ్రాల గురించే. పిల్లల్ని ఎత్తుకుపోతారు అనే అనుమానంతో వాళ్ళ పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించాలన్నారు. దాన్ని చూసి నిజాం రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, అలాంటి చట్టమే తెచ్చారు. అప్పట్లో మా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఆ రాజ్యంలోవే. రిజిస్టర్‌లో పేరున్న మనిషి ఆడవాళ్ళ బట్టల్లో వీధిలో కనిపించినా, నలుగురి ముందు పాట పాడినా, ఆడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. పదహారేళ్ళలోపు పిల్లవాడు వాళ్ళ దగ్గరుంటే అదే నేరం. పిశాచి కథలో రూల్స్ ఉంటాయి చూడండి, వెల్లుల్లి, శిలువ, పొద్దు పొడవకముందే పెట్టెలోకి పోవాలి అని... ఈ చట్టం అచ్చం అలాగే ఉంటుంది చదివితే.

ఇది ఎప్పటి మాటో అనుకోకండి. ఆ చట్టం పుస్తకాల్లోనే ఉండగా 2018 మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని జనం కొట్టి చంపారు. కారణం, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని వాట్సాప్‌లో వచ్చిన ఫార్వర్డ్‌లు. 1871లో చట్టం రాసినవాళ్ళ భయమే, అదే పిల్లల దొంగ కథ, నూట నలభై ఏడేళ్ళ తర్వాత మనం రాసిన యాప్‌లో ఎక్కి వచ్చింది. (మనం అంటే మన వృత్తివాళ్ళం.) ఆ జులైలో వాట్సాప్ ఇండియాలో ఫార్వర్డ్‌ని ఐదు చాట్లకి తగ్గించింది. పుకారు వేగం తగ్గించారు, మంచిదే. పుకారులో ఉన్న పిశాచిని మాత్రం ఏ రిలీజులోనూ తీసెయ్యలేరు.

చట్టం చివరికి పోయింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన పిటిషన్ మీద 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నా మాటల్లో చెప్పాలంటే, మొదటిసారి ఎదుటి పక్షం లాగ్స్ కూడా కేసులో చేరాయి. అంతకుముందే 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ పరిధిలోంచి పెద్దవాళ్ళ మధ్య ఇష్టపూర్వక సంబంధాన్ని తీసేసింది. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. వాళ్ళలో ప్రాచీ రాథోడ్ మా పక్క ఆదిలాబాద్‌లోనే చదివారు. కేసు ఫైల్లో ఉండాల్సిన మనిషి కేస్ షీట్ రాసే కుర్చీలో కూర్చోవడం, నాకు భలే నచ్చింది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వస్తుంది కూడా. "కార్మిల్లా పల్లె పిల్లల్ని చంపింది కదయ్యా, దాన్ని ప్రేమ అంటావా?" చంపింది. నేను కాదనను. హత్యకి ప్రేమ పేరు పెట్టమనడం లేదు. నేను అడిగేది ఒకటే, ఆ కాలపు కథల్లో ఒక ఆడపిల్ల ఇంకో ఆడపిల్లని ఇంతగా ఇష్టపడాలంటే ఆమె హంతకురాలే ఎందుకు కావాల్సి వచ్చింది? ఇష్టం ఒక్కటే ఉండి హత్యలు లేకపోతే ఆ కథ అచ్చయ్యేదా? భయం కింద పెట్టి చుడితేనే ఆ ఇష్టం పోస్టులో గమ్యం చేరింది. పాఠకుల్లో చాలామంది పైన ఉన్న చుట్టుకాగితం చూసి పారేశారు, నాలాగా.

ఇప్పుడు మా ఊరి మాట. భక్తులు కోప్పడకండి, ప్రేమతోనే చెప్తున్నాను. ధర్మపురిలో మేం పుట్టినప్పటినుంచి చూసే దేవుడు ఎవరు? మనిషీ కాదు, మృగమూ కాదు. వచ్చింది పగలూ రాత్రీ కాని అసురసంధ్యలో, కూర్చున్నది ఇంటా బయటా కాని గడప మీద. కోరలు, గోళ్ళు, జూలుకి రక్తం, మెడలో పేగులు. ఈ వర్ణన పేరు చెప్పకుండా వాన్ హెల్సింగ్‌కి ఇస్తే మేకు, సుత్తి పట్టుకుని బయల్దేరతాడు! మనవాళ్ళు మాత్రం ఆయన్ని గర్భగుడిలో పెట్టి, యోగానందుడు అని పేరు పెట్టి, పక్కన లక్ష్మిని కూర్చోబెట్టారు. శేషప్ప కవి ఆయనకి శతకమే చెప్పాడు. అదే ఆవరణలో యముడికి కూడా గుడి ఉంది. ఏ పెట్టెలోనూ ఇమడని రూపాన్ని చూసి ఊరు ఊరంతా పరిగెత్తాల్సిన పని లేదని మాకు చిన్నప్పుడే తెలుసు.

భాగవతంలో ఇంకో ముక్క ఉంది. హిరణ్యకశిపుడు చచ్చాక కూడా స్వామి ఉగ్రం తగ్గలేదు. దేవతలు దగ్గరికి పోలేదు, లక్ష్మీదేవి కూడా జంకింది. పోయింది ప్రహ్లాదుడొక్కడే. వాడికి భయం వేయలేదు, వాడికి ఆయనెవరో తెలుసు కాబట్టి. లారా కూడా అంతే అనిపిస్తుంది నాకు. జనరల్‌కి, డాక్టరుకి, కమిషన్‌కి కనపడింది పిశాచి. పదేళ్ళ తర్వాత కూడా అడుగుల చప్పుడు కోసం చెవి పెట్టింది ఆమె ఒక్కతే.

అలాగని మా ఊరి చుట్టుపక్కల అంతా ప్రహ్లాదులే అని గొప్పలు పోను. ధర్మపురికి దగ్గర్లోనే ఉన్న జగిత్యాలలో 2022 జనవరిలో మంత్రాల నెపంతో ఒక తండ్రిని, ఇద్దరు కొడుకుల్ని చంపేశారు. చేతబడి చేస్తున్నారని మనుషుల పళ్ళు పీకిన వార్తలు తెలంగాణ పేపర్లలో ఎన్నిసార్లు చూడలేదు? కోరలు లేనివాళ్ళకి కోరలున్నాయని నమ్మి, ఉన్న పళ్ళు ఊడబీకడం. గుళ్ళో కోరలకి దండం పెట్టి వచ్చే చేతులతోనే ఇదీ జరుగుతుంది. అందుకే మన సంస్కృతి గొప్పదా వాళ్ళది గొప్పదా అనే చర్చ నాకు అనవసరం. ఎదుటివాడికి పిశాచి అని పేరు పెట్టేముందు వాడి మాట ఎవరైనా విన్నారా లేదా, నా లెక్క అంతవరకే.

నా మిత్రుడి మాట కూడా ఎవరూ వినలేదు. ఉద్యోగంలో చేరిన ఏడాదికి పెళ్ళి వద్దన్నాడు, కారణం నోరు విప్పి చెప్పాడు. ఇంట్లోవాళ్ళు వాడికి 'గాలి సోకింది' అన్నారు. ఒక మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయి మూడు రోజులు నిమ్మకాయలు కోయించి, వేపమండలతో కొట్టించారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళమ్మ ఆ మూడు రోజులూ అన్నం ముట్టలేదట. వాళ్ళకి తెలిసిన పదం అదొక్కటే. హాస్టల్లో నాకు వాడు ఇంకో పదం ఇవ్వబోయాడు, ఇంగ్లీషు కథలో చుట్టి. నేను విప్పి చూడలేదు. నేను విని ఉంటే గాలి సోకకుండా ఆగేదా అంటే, తెలీదు. కనీసం ఆ మూడు రోజుల్లో ఫోన్ చేయడానికి వాడికి ఒక మనిషి ఉండేవాడు.

ఇప్పుడు వాడు వేరే నగరంలో ఉన్నాడు, బాగానే ఉన్నాడు. ధర్మపురిలో కథ రెండోసారి చదివిన రాత్రి వాడికి మెసేజ్ పెట్టాను. "కార్మిల్లా మళ్ళ సదివిన. గిప్పుడు సమజైందిరా. మాఫ్ చెయ్" అని.

చాలాసేపటికి జవాబు వచ్చింది.

"ఎనిమిదేండ్లకా? నయమే. లారాకు పదేండ్లు పట్టింది."